ఓల్డ్ గోవా చర్చిలను గైడుతో చూడడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

తెలుగు రాష్ట్రాల నుంచి గోవా వెళ్లే బృందాల ప్రయాణ పట్టికలో ఓల్డ్ గోవా దాదాపు ఎప్పుడూ ఉంటుంది. కానీ ఆ పట్టికలో దానికి దక్కేది సాధారణంగా ఒక గంట మాత్రమే. బస్సు దిగి, బోమ్ జీసస్ బసిలికాలో పునీత ఫ్రాన్సిస్ శౌరి దేహం ఉన్న వెండి పేటికను కింది నుంచి చూసి, రోడ్డు దాటి సే కతీడ్రల్ ముందు ఫొటో దిగి, మళ్లీ బస్సెక్కుతారు. అలా కాకుండా ఒక పూట పూర్తిగా కేటాయించి, మంచి గైడును వెంటబెట్టుకొని, ఆ ప్రదేశాన్ని ఒక వరుసలో చూడదలచిన వారి కోసం ఈ మార్గదర్శి.

అసలు గైడు ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఆ ఊరి చరిత్రలోనే ఉంది. బీజాపూర్ ఆదిల్ షాహీల చేతిలో ఉన్న ఈ రేవు పట్టణాన్ని 1510లో అఫోన్సో డి అల్బుకెర్క్ పోర్చుగీసు పాలనలోకి తెచ్చాడు. ఆ తరువాత ఆసియాలోని పోర్చుగీసు స్థావరాలన్నిటికీ అది రాజధాని అయింది. మహమ్మారులు పదేపదే రావడంతో జనం తరలిపోయారు. భవనాలను కూల్చి ఆ రాళ్లను పణజీ కట్టడాలకు తీసుకుపోయారు. 1843లో పణజీయే అధికారికంగా రాజధాని అయింది. ఇప్పుడు నిలిచి ఉన్నవి చర్చిలు, మఠాలే కనుక అది చర్చిల ఊరని మనకు అనిపిస్తుంది గానీ, నిజానికది రాజభవనం, బజారు, ఆసుపత్రి, ఇళ్లు అన్నీ పోగా మిగిలిన రాజధాని. కంటికి కనిపించే చర్చిని చూడడానికి గైడు అక్కరలేదు. కనిపించకుండా పోయిన నగరాన్ని చూపించడానికే అతడు కావాలి. గైడును ఎంచుకోవడం మొదలుకొని నడక వరుస దాకా ఈ మార్గదర్శిలోని సూచనలన్నీ ఆ దృష్టితో చేసినవే.

మొదట రోజును ఎంచుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం నడకకు అనుకూలంగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు పడతాయి. అప్పుడు కొండ మీది శిథిలాల దగ్గర జంబిటిట్ట రాళ్లు పాచిపట్టి జారతాయి కనుక పెద్దవారితో వెళ్లేవారు ఆ నెలలను మానుకోవడం మంచిది.

వారంలో శుక్రవారాన్ని, ఆదివారాన్ని వదిలేయండి. శుక్రవారం పురావస్తు ప్రదర్శనశాల మూసి ఉంటుంది. ఆదివారం ఉదయం పూజలు జరుగుతాయి, సందర్శకులను కాస్త ఆలస్యంగా లోపలికి పంపుతారు. మిగిలిన రోజుల్లో బసిలికాను సాధారణంగా ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర వరకు తెరిచి ఉంచుతారు, అయితే పండుగలప్పుడు ఈ వేళలు మారతాయి కనుక ముందు రోజు ఒకసారి విచారించుకోవాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడాను గుర్తుంచుకోవాలి. డిసెంబరు 3 ఫ్రాన్సిస్ శౌరి పండుగ. దానికి ముందు నవంబరు 24 నుంచి తొమ్మిది రోజులు నవదిన ప్రార్థనలు జరుగుతాయి. భక్తితో వెళ్లదలచిన వారికి ఇంతకంటే మంచి రోజులు లేవు. చరిత్ర తెలుసుకోవడానికి గైడుతో వెళ్లే వారికి ఇంతకంటే అననుకూలమైన రోజులూ లేవు. వేలాది భక్తులు బారులు తీరిన చోట నిలబడి గోపురం కథ వినడం వీలుపడదు, మర్యాద కూడా కాదు. పదేళ్లకోసారి జరిగే పవిత్ర అవశేషాల బహిరంగ ప్రదర్శన సంగతీ అంతే. 18వ ప్రదర్శన 2024 నవంబరు 21న మొదలై 2025 జనవరి 5న ముగిసింది. ఆ రోజుల్లో పేటికను బసిలికా నుంచి సే కతీడ్రల్‌కు ఊరేగింపుగా తీసుకువెళతారు.

చేరుకోవడం

సికింద్రాబాద్ నుంచి వాస్కో డ గామా వెళ్లే రైలులో వచ్చేవారు మడ్గావ్‌లో దిగి రోడ్డు మార్గంలో రావచ్చు. కొంకణ్ రైలు మార్గంలో కర్మలి స్టేషను ఓల్డ్ గోవాకు చాలా దగ్గర, కానీ అన్ని రైళ్లూ అక్కడ ఆగవు. పణజీలో బస చేసినవారికి కదంబా బస్టాండు నుంచి నేరుగా బస్సులుంటాయి. దూరం పది కిలోమీటర్ల లోపే. వీలైతే రిబందర్ మీదుగా వెళ్లే దారినే అడగండి. ఉప్పుమడుల పక్కన సాగే ఆ కట్ట 1630లలో వేసినది, ఇప్పటికీ దాని మీద వాహనాలు తిరుగుతూనే ఉన్నాయి. బస్సు కిటికీ దగ్గర సీటు దొరికితే పర్యటన అక్కడే మొదలైనట్టు లెక్క.

గైడును ఎంచుకునే పద్ధతి

బసిలికా ముందు బస్సు దిగగానే గైడునని చెప్పుకుంటూ కొందరు దగ్గరకు వస్తారు. వారిలో బాగా తెలిసినవారు లేరని అనలేం గానీ, పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు మెడలో ఉన్న వారినే తీసుకోవడం శ్రేయస్కరం. ఇంకా మంచిది, ఒకటి రెండు రోజుల ముందే మీ హోటలు ద్వారానో పర్యాటక శాఖ కార్యాలయం ద్వారానో గైడుతో ఫోనులో మాట్లాడుకోవడం. ఇంగ్లీషు, హిందీ చెప్పేవారు సులువుగా దొరుకుతారు. తెలుగులో చెప్పే గైడు మీద ఆశ పెట్టుకోకూడదు. బృందంలో హిందీ, ఇంగ్లీషు రాని పెద్దవారుంటే, గైడు చెప్పినదాన్ని తెలుగులో అందించే బాధ్యతను ముందే ఒకరికి అప్పగించి, ప్రతి చోటా రెండు నిమిషాలు అందుకోసం ఆగమని గైడుకు చెప్పాలి. అలా చెప్పకపోతే అతడు తన వేగంతో తాను సాగిపోతాడు.

ఫోనులో మాట్లాడేటప్పుడు ఒక్క ప్రశ్న చాలు, గైడు తీరు తెలిసిపోతుంది: “మీ పర్యటనలో సెయింట్ అగస్టీన్ శిథిలాలు ఉన్నాయా?” అని అడగండి. బసిలికా, కతీడ్రల్ చూస్తే సరిపోతుందని చెప్పేవాడు మీకు గంటలో ముగించే పర్యటననే అమ్ముతున్నాడు. ఉన్నాయని, దానికి కొండ ఎక్కాలి కనుక నాలుగైదు గంటలు పడుతుందని చెప్పేవాడిని ఖాయం చేసుకోవచ్చు. తరువాత రుసుము మాట్లాడండి: మొత్తం బృందానికా, మనిషికా, ఎన్ని గంటలకు, ప్రదర్శనశాలల టికెట్లు అందులో కలిసి ఉన్నాయా లేదా. చర్చిలలోకి ప్రవేశానికి టికెట్టు లేదు కనుక “ఎంట్రీ ఫీజు” పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వనక్కరలేదు. అక్కడి కానుకల పెట్టెలో వేయడం మీ ఇష్టం.

బృందం పదిమందికి మించితే ఇద్దరు గైడులను తీసుకోవడం ఖర్చుగా అనిపించవచ్చు, కానీ గొంతెత్తి మాట్లాడకూడని చోట పాతికమందికి ఒక్క మనిషి చెప్పేది వెనక వరుసకు చేరదు.

దుస్తులు, మర్యాదలు

భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు వేసుకోవాలి. బీచి నుంచి నేరుగా వచ్చే వారి కోసం ప్రత్యేకంగా హెచ్చరిక బోర్డులు కూడా పెట్టారు. లోపల టోపీ తీసివేయాలి. మన ఊళ్లలోని చాలా చర్చిలలో చెప్పులు బయట విడిచి లోపలికి వెళతాం. గోవాలో ఆ ఆచారం లేదు. విడిచి లోపలికి వెళ్లినా ఎవరూ తప్పు పట్టరు గానీ, బయట చెప్పులను కాపలా కాసేవారు ఉండరు. గుణదలలో మరియమాతకు మొక్కుగా కొబ్బరికాయ కొట్టడం, తలనీలాలు ఇవ్వడం చూసినవారు ఇక్కడా అలాంటి ఏర్పాట్లు ఉంటాయని అనుకోకూడదు. ఇక్కడ బయట దుకాణాల్లో కొవ్వొత్తులు, పూలదండలు, చేయి, కాలు, పసిబిడ్డ వంటి ఆకారాల్లో పోతపోసిన మైనపు మొక్కుబడి బొమ్మలు అమ్ముతారు. కొవ్వొత్తులను లోపల వెలిగించనివ్వరు. వాటికి బయట కేటాయించిన చోటు ఉంటుంది.

పూజ జరుగుతున్నప్పుడు లోపలికి వెళ్లాల్సి వస్తే వెనుక బల్లల దగ్గర నిలబడండి, అటూ ఇటూ తిరగకండి. దివ్యసత్ప్రసాదం స్వీకరించేది జ్ఞానస్నానం పొందిన కథోలికులు మాత్రమే. మిగిలినవారు తమ చోటే కూర్చోవాలి, వరుసలో నిలబడి ప్రసాదంలా చేయి చాపకూడదు. బసిలికా లోపల ఫొటోల మీద ఆంక్షలున్నాయి, మనుషులను నిలబెట్టి తీసే ఫొటోలకు అనుమతి లేదు. సెల్ఫీలన్నీ బయట పచ్చిక మీదే తీసుకోవాలి.

గైడుతో ముందే ఒక ఒప్పందానికి రండి: చెప్పవలసినదంతా తలుపు బయట చెప్పాలి, లోపల కేవలం చేత్తో చూపించాలి. మంచి గైడులు ఈ పద్ధతినే పాటిస్తారు. లోపలికి వెళ్లాక ఎక్కడ చూడాలో ముందే తెలిసి ఉండడం వల్ల కళ్లు కూడా బాగా పనిచేస్తాయి.

నడక ఎక్కడ మొదలుపెట్టాలి

చాలా పర్యటనలు బసిలికాతో మొదలవుతాయి, ఎందుకంటే బస్సులు అక్కడ ఆగుతాయి. మీరు మండోవి నది ఒడ్డున మొదలుపెట్టండి. నగరంలోకి అందరూ వచ్చింది నది మీదుగానే కనుక, ఆ వరుసలో నడిస్తేనే నగరం అర్థమవుతుంది. చర్చిలు తెరవకముందే ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో రేవు దగ్గర ఉంటే ఎండ కూడా తక్కువగా ఉంటుంది.

రేవు నుంచి నాలుగడుగులు వేస్తే వైస్రాయ్ తోరణం వస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతి వైస్రాయ్ ఈ ద్వారం గుండానే నగరంలో అడుగుపెట్టేవాడు. దీన్ని కట్టించిన వైస్రాయ్ ఫ్రాన్సిస్కో డ గామా, వాస్కో డ గామాకు మునిమనవడు. ముత్తాత విగ్రహాన్ని నది వైపు గూటిలో నిలబెట్టించాడు. కూలిపోయిన తోరణాన్ని 1954లో తిరిగి కట్టారు. రెండో వైపు తప్పకుండా చూపించమని గైడును అడగండి: అక్కడ కత్తి పట్టిన స్త్రీ ఒక మనిషిని కాలితో తొక్కుతున్న శిల్పం ఉంటుంది. ఆమె పునీత కేథరీన్. ఓల్డ్ గోవాలో ఆమె పేరు మళ్లీ మళ్లీ ఎందుకు వస్తుందో కాసేపట్లో తెలుస్తుంది.

తోరణం దాటాక ఎడమ వైపున పునీత కాజెటన్ చర్చి కనిపిస్తుంది. రోమ్‌లోని పునీత పేతురు బసిలికాను నమూనాగా తీసుకుని కట్టిన గుమ్మటం ఇది, 1661 నాటిది. తెలుగు సందర్శకులు ఇక్కడ ఆగి తీరాలని నా అభిప్రాయం. దీన్ని కట్టిన థియాటిన్ అనే కథోలిక మతసభ గురువులు ఇటలీ నుంచి గోవా కోసం బయలుదేరినవారు కారు; పోపు ఎనిమిదో అర్బన్ వారిని పంపింది గోల్కొండ రాజ్యానికి. కుతుబ్ షాహీల రాజ్యంలో మత ప్రచారానికి అనుమతి దొరకకపోవడంతో 1640లో గోవాలో స్థిరపడ్డారు. గోల్కొండ వారిని రానిచ్చి ఉంటే ఈ గుమ్మటం ఎక్కడ లేచేదో ఊహించుకోవచ్చు. గైడులలో ఈ సంగతి చెప్పేవారు తక్కువ, అడిగి చెప్పించుకోండి. గుమ్మటం కింద నేల మధ్యలో ఒక బావి ఉంది. అది పూర్వపు గుడి కోనేరని కొందరు గైడులు ఖాయంగా చెబుతారు. దాన్ని ఒక ఊహగానే వినాలి.

చర్చి పక్కనే నల్లరాతి కంబాల మీద నిలిచిన ఒంటరి ద్వారబంధం ఉంది. ఆదిల్ షా రాజభవనంలో మిగిలింది ఇదొక్కటే. ఆ భవనంలోనే 1695 దాకా పోర్చుగీసు వైస్రాయ్‌లు ఉండేవారు. పోయిన నగరాన్ని చూపించమని గైడును అడగడానికి ఇంతకంటే తగిన చోటు లేదు; రాజభవనం ఎంత దూరం ఉండేదో అడుగులతో కొలిచి చూపించమనండి.

సే కతీడ్రల్, దాని చుట్టుపక్కల

సే కతీడ్రల్ నిర్మాణం 1562లో మొదలై 1619లో ముగిసింది, 1640లో ప్రతిష్ఠ జరిగింది. సుమారు 76 మీటర్ల పొడవుతో ఆసియాలోని పెద్ద చర్చిలలో ఒకటిగా నిలిచింది. ముఖభాగం వంకరగా ఉన్నట్టు అనిపించడానికి కారణం ఒక వైపు గోపురం లేకపోవడం. అది 1776లో కూలింది, మళ్లీ కట్టలేదు. మిగిలిన గోపురంలో ఉన్నదే ప్రసిద్ధమైన బంగారు గంట. దానిలో బంగారం ఉందని చెప్పే గైడును నమ్మకండి. ఆ పేరు నాదానికి వచ్చింది గానీ లోహానికి కాదు.

అల్బుకెర్క్ నగరాన్ని గెలిచిన 1510 నవంబరు 25 అలెగ్జాండ్రియా పునీత కేథరీన్ పండుగ రోజు. అందుకే కతీడ్రల్ ఆమెకే అంకితమైంది. ప్రధాన బలిపీఠం వెనక బంగారు పూత పూసిన పెద్ద చెక్క పలకల మీద ఆమె ప్రాణత్యాగపు ఘట్టాలు చెక్కి ఉంటాయి. దూరం నుంచి అవి మెరుపుగా తప్ప కథగా కనిపించవు కనుక, బయటే గైడుతో కథ చెప్పించుకుని లోపల ముందు బల్లల్లో కొంతసేపు కూర్చోండి. ద్వారం దగ్గరి జ్ఞానస్నాన తొట్టి 1532 నాటిది. ఫ్రాన్సిస్ శౌరి దీనిని వాడాడని చెబుతారు. అద్భుత శిలువ చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం) దగ్గర ప్రార్థించుకునే వారు ఎప్పుడూ ఉంటారు, అక్కడ ఆగి మాట్లాడకుండా ముందుకు సాగాలి.

కతీడ్రల్ ముందరి ఖాళీ స్థలంలో అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. 1560లో స్థాపించి, మధ్యలో కొన్నేళ్లు ఆగి, 1812లో రద్దయిన గోవా ఇన్‌క్విజిషన్ భవనం ఈ చుట్టుపక్కలే ఉండేది. మత విశ్వాసాలను విచారించిన ఆ న్యాయస్థానం హిందువుల ఆచారాలను అణచివేసింది, జ్ఞానస్నానం పొందిన వారు పాత అలవాట్లు మానలేదన్న అనుమానంతో ఎందరినో శిక్షించింది. ఇప్పుడక్కడ ఆ భవనపు ఆనవాలు లేదు. కొందరు గైడులు ఈ ప్రస్తావనను దాటవేస్తారు, మరికొందరు భయానక కథలతో నింపేస్తారు. “అది ఎక్కడ ఉండేది, ఎప్పుడు కూల్చారు, ఏ రికార్డులు మిగిలాయి?” అని ప్రశాంతంగా అడిగితే తెలిసిన గైడు తేదీలతో జవాబిస్తాడు. భక్తితో వచ్చినవారికి ఈ ప్రశ్న ఇబ్బందిగా అనిపించవచ్చు. అయినా ఈ చరిత్రను విడిచిపెట్టి ఆ చౌకును అర్థం చేసుకోలేం.

కతీడ్రల్ వెనుక పునీత అస్సీసి ఫ్రాన్సిస్ చర్చి ఉంది. ఈ ఫ్రాన్సిస్, శౌరి ఒకరు కారు. ఇద్దరి మధ్య మూడు శతాబ్దాల దూరం ఉంది. బృందాలలో ఈ తికమక మామూలే. 1661లో చర్చిని తిరిగి కట్టినప్పుడు పాత చర్చి నల్లరాతి ద్వారాన్ని మాత్రం అలాగే ఉంచారు. లోపల నేలంతా సమాధి రాళ్లు. వంశ చిహ్నాలు చెక్కిన వాటి మీద నడుస్తున్నామన్న సంగతి చాలామంది గమనించరు. పక్కనున్న మఠంలోనే పురావస్తు ప్రదర్శనశాల. వైస్రాయ్‌ల, గవర్నర్ల చిత్రపటాల వరుస ముందు ఎక్కువసేపు గడపనక్కరలేదు. వీరగల్లులు, సతీశిలలు ఉన్న చోట ఆగండి. పోర్చుగీసుల కంటే ముందటి గోవా గురించి ఈ ఊరిలో నేరుగా మాట్లాడే రాళ్లు అవే. ఆవరణలోనే చిన్న కేథరీన్ చాపెల్ ఉంది, నగరం చేతికి వచ్చిన ద్వారానికి గుర్తుగా కట్టినది; ఐదు నిమిషాలు చాలు.

బోమ్ జీసస్ బసిలికాకు ఎప్పుడు వెళ్లాలి

మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో. టూర్ బస్సులు భోజనాలకు కదిలిపోయే సమయమది. వరుస పలచబడుతుంది, పేటిక ముందు నిలబడడానికి వీలుంటుంది. భోజనం అరగంట ఆలస్యమైనా పరవాలేదనుకునే వారికి ఇది ఉత్తమమైన వేళ.

ముందు బయట పది నిమిషాలు నిలబడాలి. బసిలికా నిర్మాణం 1594లో మొదలై 1605లో ప్రతిష్ఠ జరిగింది. ఎర్రటి జంబిటిట్ట గోడలు ఇలా పచ్చిగా ఉండడమే అసలు రూపమని చాలామంది అనుకుంటారు. నిజానికి గోవాలోని మిగిలిన చర్చిల లాగే దీనికీ సున్నపు గిలాబా ఉండేది. 1950లలో దాన్ని తొలగించారు. జంబిటిట్ట వాన నీటిని పీల్చుకునే మెత్తని రాయి కనుక, అప్పటి నుంచి ప్రతి వర్షాకాలం గోడలను తింటూనే ఉంది. గిలాబా తిరిగి వేయాలా వద్దా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. ముఖభాగం పైన నల్లరాతిలో చెక్కిన ఐ.హెచ్.ఎస్. అక్షరాలు యేసు నామానికి గుర్తు, యేసు సభ గురువుల ముద్ర. ఆ నల్లరాయిని వసయి నుంచి తెప్పించారు.

లోపల ప్రధాన బలిపీఠంలో చిన్న బాలయేసు విగ్రహం, దానికి పైన ఎన్నో రెట్లు పెద్దదైన పునీత ఇగ్నేషియస్ విగ్రహం ఉంటాయి. చర్చి పేరు బాలయేసుదే అయినా కన్ను మొదట ఇగ్నేషియస్ మీదికే పోతుంది. యేసు సభ స్థాపకుడు ఆయనే కదా.

ఆ తరువాత కుడి వైపు చాపెల్‌కు వెళ్లాలి. నవార్ దేశంలో 1506లో పుట్టిన ఫ్రాన్సిస్ శౌరి 1542 మే 6న గోవా చేరాడు, పదేళ్ల తరువాత చైనా తీరంలోని షాంగ్‌చువాన్ దీవిలో 1552 డిసెంబరు 3న మరణించాడు. ఆయన దేహాన్ని మొదట మలక్కాకు, అక్కడి నుంచి 1554 మార్చిలో గోవాకు తెచ్చారు. 1622లో ఆయనను పునీతుడిగా ప్రకటించారు. ఇప్పుడు మనకు కనిపించే కట్టడంలో వేర్వేరు కాలాలకు చెందిన రెండు పనితనాలున్నాయి, వాటిని విడదీసి చూడాలి. పైనున్న వెండి పేటిక 1637 నాటి గోవా కంసాలుల పని. దాని చుట్టూ పునీతుని జీవిత ఘట్టాల పలకలు ఉంటాయి. కింది రంగురాళ్ల పీఠం ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో చేసినది. టస్కనీ పాలకుడు మూడో కోసిమో డి మెడిచీ దాన్ని కానుకగా పంపాడు, జొవాన్ని బత్తిస్తా ఫొజ్జీని రూపకల్పన చేశాడు, 1698లో ఇక్కడ అమర్చారు. పునీతుని తల కింద ఉంచిన దిండును పొందినందుకు ప్రతిగా కోసిమో ఈ కానుక ఇచ్చాడని చెబుతారు. పీఠానికి నాలుగు వైపులా ఉన్న కంచు పలకల్లో మరణ ఘట్టం చూపించే పలకను వెతకండి. చాలామంది తలెత్తి పేటికనే చూస్తూ ఈ పలకలను వదిలేసి పోతారు.

దేహం గురించి వినిపించే కథల విషయంలో జాగ్రత్త అవసరం. ఇప్పటికీ గోళ్లు పెరుగుతున్నాయని, నిన్న మొన్న నిద్రపోయినట్టుందని కొందరు చెబుతారు. ప్రదర్శన రోజుల్లో భక్తులకు కనిపించేది ఎండి కృశించిన దేహమే. చర్చి కూడా వాటిని పవిత్ర అవశేషాలనే పిలుస్తుంది. కుడి ముంజేయిని 1614లో రోమ్‌కు పంపారు; అది అక్కడి జేసు చర్చిలో ఉంది. శౌరయ్య, శౌరీలు, శౌరమ్మ వంటి పేర్లు ఇంటింటా వినిపించే కోస్తా కథోలిక ఊళ్ల నుంచి వచ్చినవారు ఇక్కడ మోకరించి ప్రార్థించుకోవడానికి ఎక్కువ సమయం కోరుకుంటారు. గైడుకు ఆ విషయం ముందే చెప్పి, పది నిమిషాలు తరువాత బయట కలుద్దామని అనండి. ప్రార్థనకూ వివరణకూ సమయం వేర్వేరుగా కేటాయించడం వల్ల రెండూ సక్రమంగా జరుగుతాయి.

కొండ మీద

భోజనం తరువాత మోంతె సాంతో కొండ ఎక్కాలి. ఎక్కువ ఎత్తు కాదు, కానీ ఎండ ఉంటుంది. నీళ్లు, టోపీ తీసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవారు వాహనంలో పైదాకా రావచ్చు.

సెయింట్ అగస్టీన్ చర్చి 1602లో పూర్తయింది. పోర్చుగీసు ప్రభుత్వం మతసభలను రద్దు చేయడంతో 1835లో గురువులు విడిచి వెళ్లారు, 1842లో పైకప్పు కూలింది, 1931లో ముఖభాగం కూలింది. ఇప్పుడు 46 మీటర్ల గోపురంలో సగం మిగిలింది. దీని గంట మాత్రం పాడవలేదు; పణజీలోని అమలోద్భవిమాత చర్చిలో ఇప్పటికీ మోగుతోంది. పైకప్పు లేని ఆవరణలో తిరుగుతుంటే గోడల అడుగున నీలం, పసుపు రంగుల పింగాణీ పలకలు కనిపిస్తాయి.

ఇక్కడి కథ హైదరాబాద్ దాకా వస్తుంది. జార్జియా రాణి కేతవాన్‌ను ఇరాన్ పాలకుడు షా అబ్బాస్ 1624లో షిరాజ్‌లో చంపించాడు. ఆమె అవశేషాలలో కొన్నింటిని అగస్టీన్ సభ గురువులు 1627లో గోవాకు తెచ్చి ఈ మఠంలో భద్రపరిచారు. భవనం కూలిన తరువాత ఆ చోటు ఎవరికీ తెలియకుండా పోయింది. పాత పోర్చుగీసు రాతల ఆధారంగా భారత పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి 2004లో ఒక ఎముక ముక్కను కనుగొంది. అది ఆమెదేనా అన్నది తేల్చే పని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి వచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్ఏను పరీక్షించి, ఆ రకం భారతదేశంలో కనిపించనిదని, జార్జియా వారిలో కనిపించేదని తేల్చారు. 2021 జులైలో భారత ప్రభుత్వం ఆ అవశేషాలను జార్జియాకు అందజేసింది. తవ్వకం జరిగిన చోటును చూపించమని గైడును తప్పకుండా అడగండి. శిథిలాల మధ్య అది పెద్ద గుర్తులేమీ లేని నేలలా ఉంటుంది కనుక సొంతంగా వెతికితే దొరకదు.

ఎదురుగా పునీత మోనికా మఠంలో క్రైస్తవ కళా ప్రదర్శనశాల ఉంది. గోవా శిల్పులు దంతంతో, చెక్కతో చేసిన పునీతుల బొమ్మలలో మన దేవతామూర్తుల ముఖకవళికలు, ఆభరణాల తీరు కనిపిస్తాయి. ఓపిక ఉంటే గంట కేటాయించండి, లేకపోతే పూర్తిగా మానేయండి. పరుగున చూసేది కాదు. కొండ అంచున ఉన్న జపమాలమాత చర్చి ఓల్డ్ గోవాలో మిగిలిన వాటిలో చాలా పాతది, 1540ల నాటిది. యుద్ధాన్ని అల్బుకెర్క్ ఈ కొండ మీది నుంచి చూశాడని చెబుతారు. చర్చి తలుపు మూసి ఉన్నా ముంగిట నుంచి నదిని, ఉదయం మీరు నడక మొదలుపెట్టిన రేవును చూపించి, పోయిన నగరం హద్దులు చెప్పమని గైడును అడగవచ్చు.

గైడును ఎంతవరకు ఉంచుకోవాలి

టూర్ బస్సులు ఓల్డ్ గోవా తరువాత పోండా దారిలోని మంగేశీ ఆలయానికి వెళతాయి. పొద్దున చర్చిలు, సాయంత్రం గుళ్లు అన్న లెక్కతో వేసిన ఈ వరుసలో అంతకు మించిన సంబంధం ఉంది. ఆలయాలను కూలుస్తున్న కాలంలో, 1560లో, భక్తులు మంగేశుని లింగాన్ని కుశస్థలి నుంచి పోర్చుగీసు హద్దుల ఆవలనున్న ప్రియోళ్‌కు తరలించారు. సే కతీడ్రల్ ముందు విన్న చరిత్రలో మిగిలిన సగం అక్కడే ఉంది. కాబట్టి మంగేశీ దాకా వస్తాడా అని గైడును ఉదయమే అడిగి, రుసుము కూడా అప్పుడే మాట్లాడుకోండి. కొండ దిగాక అడిగితే అతడికి వేరే బృందం సిద్ధంగా ఉండవచ్చు. ఆలయంలోనూ భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులనే అడుగుతారు కనుక పొద్దున వేసుకున్న బట్టలతో నేరుగా వెళ్లవచ్చు, చెప్పులు మాత్రం ఇక్కడ బయటే విడవాలి.